టోపీకి కనబడని చుక్క

చంటిపిల్లలను ఊయల యంత్రాలే వెల్లకిలా పడుకోబెట్టి పెంచుతున్న రోజులు కాబట్టి, వెనక తల అణగని బిడ్డ మా వీధిలో లేడు. అందరికీ తలను గుండ్రంగా సరిచేసే యంత్రపు టోపీలే. స్నానమయ్యాక అణిగిన చోట కాటుక చుక్క పెడితే, టోపీ అక్కడ ఖాళీ వదిలి మిగతా తలను అదిమి పట్టుకుంటుంది.

ఆ రోజు టోపీ మూసుకోగానే మా బుజ్జిగాడు గుక్కపట్టి ఏడ్చాడు.

"కొత్త గుర్తు అందింది," అంది టోపీ.

అత్త వైపు తిరిగాను. "అత్తా, వీడి తలకి ఏం పెట్టావ్?"

"దిష్టిచుక్కే. ఎదరింటి పైడితల్లి ఆడి జుత్తు సూసి తెగ మురిసిపోనాది. కుడిపక్కన ఎట్టాను."

అణిగింది ఎడమపక్క. టోపీ కొత్త చుక్క దగ్గర ఖాళీ వదిలి, ఇప్పుడు సరిగ్గా ఈ అణిగిన చోటే నొక్కుతోంది. లాగితే రాదు. ఏడ్చినప్పుడల్లా తల్లులు తీసేస్తున్నారని, స్నానానికి తప్ప తెరుచుకోకుండా చేశారు. వాడి ముఖం కమిలిపోతోంది.

అత్త గబగబా కాళ్ళు చాపి కూర్చుంది. "ఇలా తే. నీళ్ళోసెయ్."

వాడిని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నేను పోస్తున్న నీళ్ళతో వీపు రుద్దింది. స్నానమే అనుకుని టోపీ టక్కున తెరుచుకుంది.

వాడు వెక్కుతూ ఊపిరి తీసుకున్నాడు. నేను కొంగుతో చుక్కలు తుడిచి, ఎడమపక్కన మళ్ళీ పెట్టాను.

"మరి దిష్టో?" అంది అత్త మెల్లిగా.

కాటుక వేలు వాడి అరికాలికి అద్దాను. "ఇక్కడైతే టోపీకి కనబడదు."

"స్నానం అయిందా?" అని టోపీ అడిగింది.

"ఇంకా నేదు," అంది అత్త, ఖాళీ చెంబుతో బకెట్ మీద చప్పుడు చేస్తూ.