ఉర్లాలో కుంటి దేవుడు

పదకొండేళ్లుగా మల్లేశ్వరరావుకి ఒకటే సందేహం, తనని కాపాడింది ఏ దేవుడని. ఆ వానాకాలం పొంగిన నాలాలో మోపెడ్‌తో సహా కొట్టుకుపోతూ, ఏ దేవుడైనా సరే గట్టెక్కిస్తే కొబ్బరికాయ కొడతానని మొక్కాడు. ఎవరో కాలర్ పట్టి లాగారు. ఒడ్డున కళ్లు తెరిస్తే పక్కన ఎవరూ లేరు. మర్నాడు చూస్తే మోపెడ్ కూడా ఒడ్డునే ఉంది. రాయపూర్ గుళ్లన్నిటిలో కాయలు కొట్టాడు. ఏ దేవుడూ నేనే అన్నట్టు తోచలేదు.

ఇప్పుడు కూతురు చాందిని ఇంకో పన్నెండుమందిని ఇంట్లోకి తెచ్చింది. గ్రీకు దేవుళ్లట. పుస్తకాల అరలో ఎథీనా అనే చదువుల దేవత పటం పెట్టి, దీపం వెలిగించి, ద్రాక్షరసం నైవేద్యంగా నేల మీద పోస్తోంది. తల్లి తాయారమ్మకి దేవత మీద అభ్యంతరం లేదు, చీమల మీదే.

ఈ దేవుళ్లని కొలిచేవాళ్ల కోసం చాందిని ఆరు నెలలు నెట్‌లో వెతికింది. ఏథెన్స్‌లో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు. రాయపూర్‌లో ఒకే ఒక్కరు, ఫ్యాక్టరీలుండే ఉర్లాలో. ఆదివారం రమ్మన్నారు.

"మనకున్న దేవుళ్లు చాలలేదా?" అన్నాడు మల్లేశ్వరరావు.

"వాళ్లకి కోట్లమంది ఉన్నారు నాన్నా. వీళ్లకి ఈ ఊళ్లో మేమిద్దరమే."

మల్లేశ్వరరావు తనూ వస్తానన్నాడు. ఆ మనిషి తేడాగా కనిపిస్తే ఆ రోజే పటం అటకెక్కాలని షరతు పెట్టాడు. ఎందుకైనా మంచిదని సంచిలో ఒక కొబ్బరికాయ వేసుకున్నాడు. పన్నెండుమందిలో ఎవరైనా అయివుండొచ్చు కదా.

ఆదివారం బండి మీద ఉర్లా చేరి చూస్తే అది ఇనుప గేట్లు చేసే షెడ్డు. యజమాని సూరిబాబు కుంటుకుంటూ ఎదురొచ్చాడు. తెలుగువాడే. గోడ మీద పటంలో సుత్తి పట్టుకున్న దేవుడికీ ఒక కాలు వంకరే. హెఫైస్టోస్ అని, దేవతల కమ్మరి అని చాందిని తండ్రి చెవిలో చెప్పింది.

"మనవాళ్లని వదిలేసి ఈయనెందుకండీ?" మల్లేశ్వరరావు నిలబడే అడిగాడు.

"మీరు నవ్వనంటే చెప్తా భాయీసాబ్," అన్నాడు సూరిబాబు. "ఓసారి వరదలోంచి ఒక మనిషిని బయటికి లాగాను. ఒడ్డున పడుకోబెట్టి, పాపం బండి కూడా పోతుందని మళ్లీ దిగాను. బండి పైకి వచ్చింది గానీ నా పాదం మీద పడి ఎముకలు విరిగాయి. తలెత్తి చూస్తే ఆయన లేడు. ఎవరో దేవుడు కాపాడాడని గుడిగుడికీ కాయలు కొడుతున్నాడని తర్వాత విన్నాను. ఆ రోజునుంచి గుడికి వెళ్లబుద్ధి కాలేదు. చేతులతో పనిచేసే కుంటి దేవుడు ఎక్కడైనా ఉన్నాడా అని వెతికితే ఈయన దొరికాడు."

మల్లేశ్వరరావు ఒకడుగు ముందుకేశాడు. "బండి అంటే..."

"మోపెడ్. ఎర్రది," అని సూరిబాబు గుమ్మం బయటికి చూశాడు. "మీరు వేసుకొచ్చారే, అచ్చం అలాంటిదే."

చాందిని తండ్రి మొహం చూసింది. మల్లేశ్వరరావు సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు. పటం వైపు చూడలేదు. ఇనుము సాగగొట్టే దాగలి మీద కొట్టి, రెండు చిప్పలూ సూరిబాబు వంకర పాదం ముందు పెట్టాడు.