ఇరవై ఏళ్ళ ప్రోగ్రాం

“ఇయ్యాల రాకుంటే వేరేటోన్ని పిలుస్త, వీరేందర్ భాయ్” అని జహంగీర్ ఫోన్ పెట్టేశాడు.

వీరేందర్ గబగబా చొక్కా తొడుక్కున్నాడు. శంషాబాద్‌లో జహంగీర్‌ది ఎయిర్‌పోర్టు క్యాబుల వ్యాపారం. బుకింగులు ఎక్కించి ప్యాసింజరుకు చీటీ కొట్టిచ్చే ప్రోగ్రాం చేసిపెడతానని ఒప్పుకుని నెలలు దాటాయి. ఉద్యోగం మానేశాక దొరికిన మొదటి పని ఇదే. ఇది పోతే మళ్ళీ పాత మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

మొదటి రోజు మచ్చుకు చూపించడానికి ఒక పూటలో ఏదో గీకిపడేశాడు. అంతే, ఆ తర్వాత ఒక్క లైను రాయలేదు. ఇరవై ఏళ్ళు నిలవాల్సిన ప్రోగ్రాం, పునాది చూసుకోవద్దా? ప్రోగ్రాములు రాసే పైథాన్ భాషలో రెండో వెర్షన్‌కు అన్ని పనిముట్లూ ఉన్నాయి గానీ అది ముసలిదైపోతోంది. మూడోది కొత్తది, దాన్ని బుకింగులన్నీ దాచిపెట్టే డేటాబేసుతో కలిపే పనిముట్లే ఇంకా సరిగా రాలేదు. ఇక డేటాబేసు మైఎస్‌క్యూఎలా, పోస్ట్‌గ్రెసా అన్నది ఇంకో తగువు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది తన పని అని అతనికీ తెలుసు. తెలిసీ మానలేకపోయాడు.

“పెండ్లిచూపులల్ల చాయ్ తాగేలోపు నన్ను ఒప్పుకున్నవు. దీనికి ఇంత ఆలోచననా?” అంది భార్య ప్రేమలత.

“నువ్వు ఒక్క వెర్షనే ఉంటివి కద” అన్నాడు చెప్పులేసుకుంటూ.

దారిలో బండి మీదే తేల్చేశాడు. రెండో వెర్షన్, పోస్ట్‌గ్రెస్. ఇగ దేవుడు దిగొచ్చినా మార్చేది లేదనుకున్నాడు.

జహంగీర్ ఆఫీసు గుమ్మంలోనే ఆగిపోయాడు. జహంగీర్ కూతురు రిదా కంప్యూటర్ ముందు కూర్చుని బుకింగులు కొడుతోంది. ప్రింటరులోంచి చీటీలు వస్తున్నాయి. బయట క్యాబులు కదులుతున్నాయి. ఎవడో తన పని ఎగరేసుకుపోయాడు, తన చేతగానితనానికి తగిన శాస్తే అయింది.

“ఎవరితోని చేయించినవ్ భాయ్?” అని నీరసంగా అడిగాడు.

“గదేం మాట? నువ్వే గద చేసినవ్” అన్నాడు జహంగీర్. “మొదటి దినం మచ్చుకని పెట్టిపోయినవ్ చూడు, గప్పటి సంది గదే నడుస్తుంది. ఒక్కనాడు ఆగలే.”

“మరి నన్నెందుకు రమ్మన్నవ్?”

జహంగీర్ ఒక చీటీ చింపి అతని చేతిలో పెట్టాడు.

“కింద ‘ఇది ఉత్తుత్తిది’ అని రాసినవ్, జర గదొక్కటి తీసెయ్. బండి గూడ ఉత్తుత్తిదేనా అని ప్యాసింజర్లు అడుగుతున్రు.”