రేపొస్తా తాతయ్యా

"రేపొస్తానని అనకు! ఇంకోసారి అన్నావంటే ఊరుకోను!"

ఆ అరుపుకి వృద్ధుల హోమ్ పెద్దగదిలో పిల్లల పాట టక్కున ఆగిపోయింది.

తిట్లు తిన్న రెండో తరగతి పిల్ల ఏడుస్తూ పరుగెత్తి టీచరమ్మ వెనక దాక్కుంది.

అరిచింది కీచు మామ్మ. గొంతు సూదిలా సన్నగా ఉంటుందని పిల్లలే ఆ పేరు పెట్టారు. అలా అనకూడదని మొదట్లో వాళ్ళను మందలించిన టీచరమ్మ కూడా ఈమధ్య ఇంట్లో ఆ పేరే వాడుతోంది.

టీచరమ్మకు ఒళ్ళు మండిపోయింది. నెలకోసారి పిల్లల్ని ఇక్కడికి తీసుకురావాలన్న ఆలోచన ఆమెదే. తల్లిదండ్రులను బతిమాలి, బస్సు మాట్లాడి, పాటలు నేర్పించి, కాళ్ళరిగేలా తిరిగి మొదలుపెట్టింది. ఈ ముసలావిడ నోటికి జడిసి ఇప్పటికే ఇద్దరు తల్లులు పిల్లల్ని మానిపించారు. ఇంకొక్క ఫిర్యాదు వచ్చినా ఇక హోమ్‌కి వెళ్ళేది లేదని హెడ్మాస్టర్ తెగేసి చెప్పారు.

"పసిపిల్ల ఏమందని మామ్మగారూ, అలా మీద పడ్డారు?"

"ఆ చూపులేనాయనకి రేపొస్తానని చెబుతోంది. వస్తుందా?"

"ఏదో మాటవరసకి అంటుంది. దానికింత రాద్ధాంతం దేనికి?"

"మాటవరసకని ఆయనకెవరు చెబుతారు? నువ్వు చెబుతావా?"

కిటికీ పక్క కుర్చీలోంచి దర్జీ తాత నవ్వాడు. ఒకప్పుడు ఊరందరికీ బట్టలు కుట్టిన మనిషి. ఇప్పుడు కంటిచూపు లేదు, జ్ఞాపకం ఉండీ లేనట్టు ఉంటుంది.

"ఎందుకు రాదమ్మా? పాప రోజూ వస్తోందిగా! సాయంత్రం మీరంతా టీలకి పోయినప్పుడు నా గదికొచ్చి, మంచం మీద కూర్చుని కబుర్లు చెబుతుంది."

టీచరమ్మ మొహం వెలిగిపోయింది. పిల్లది హోమ్ వెనక సందులోని ఇల్లే.

"నిజమేనా బంగారం? రోజూ తాతయ్య దగ్గరికి వస్తున్నావా?"

గదిలో అందరూ తనవైపే చూస్తున్నారు. పిల్ల కళ్ళు తుడుచుకుని తలూపింది.

చప్పట్లే చప్పట్లు.

"విన్నారుగా మామ్మగారూ? ఇప్పుడేమంటారు?"

కీచు మామ్మ పిల్లను చూసి నోరు తెరిచింది. తాతను చూసింది. మళ్ళీ నోరు మూసుకుని గోడవైపు తిరిగింది.

'ఓర్వలేనితనం' అనుకుంది టీచరమ్మ. ఆవిడ నోటికి తాళం వేసినందుకు లోపల సంబరపడింది కూడా.

ఆ సంబరంలోనే మేనేజర్ గదికి వెళ్ళింది.

"ఆవిడుంటే ఇక మేం రాలేం. మీరే తేల్చుకోండి."

మేనేజర్ పెద్దగా ఆలోచించలేదు. పిల్లలొస్తే హోమ్‌కి మంచి పేరు. మామ్మ వల్ల వచ్చేదల్లా తలనొప్పి.

"ఊరవతల మా రెండో హోమ్‌లో మంచం ఖాళీగా ఉంది. రేపే పంపించేస్తాను."

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు.

"పీడా వదిలింది టీచరుగారూ. వెళ్ళేటప్పుడు కూడా గొడవే! సాయంత్రం టీ వేళ అయ్యాక వెళతానని భీష్మించుకుని కూర్చుంది. వ్యాన్ ఎక్కించేసరికి తాతలు దిగొచ్చారు."

"టీ మీద అంత యావేమిటండీ!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

మరుసటి నెల పిల్లలు హాయిగా పాడారు. కసిరేవాళ్ళు లేరు, ఏడ్చేవాళ్ళు లేరు. వెళ్ళబోతూ టీచరమ్మ మాటవరసకి అడిగింది.

"అన్నట్టు, ఆ మామ్మగారు ఎలా ఉన్నారు?"

"చెప్పడం మరిచాను. మొన్నామధ్య పోయారు. నిద్రలోనే."

"అయ్యో పాపం" అంది టీచరమ్మ. నిజానికి ఆమెకు జాలి వేయలేదు. ఇక ఆవిడ తిరిగొస్తుందన్న భయం లేదని ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు గమనించింది, కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"దర్జీ తాతగారేరీ?"

"గదిలోంచి బయటికి రావడం లేదమ్మా" అంది ఆయా. "నెల్లాళ్ళుగా అలకే. సాయంత్రమైతే తిండి కూడా ముట్టడు. మీ పాప రావడం మానేసిందట."

టీచరమ్మ పిల్లను పక్కకు లాగింది.

"ఎందుకు మానేశావే?"

పిల్ల తల దించుకుంది.

"నేనెప్పుడూ వెళ్ళలేదు టీచర్."

"మరి ఆ రోజు తలూపావేం?"

"అందరూ చూస్తున్నారుగా, అందుకని."

టీచరమ్మకు చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపం పిల్ల మీదో, ఆ చప్పట్ల మీదో ఆమెకే తెలియలేదు.

"సరే, పద. ఇప్పుడైనా వెళ్ళి పలకరించు."

తాత గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"తాతయ్యా, నేనొచ్చాను" అంది పిల్ల.

తాత దిగ్గున లేచి కూర్చున్నాడు. నవ్వుతూ మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. పిల్ల ఎగిరి కూర్చుంది.

తాత కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. నెమ్మదిగా నవ్వు ఆరిపోయింది.

"నువ్వు కాదమ్మా."

"ఈ పాపే తాతగారూ!" అంది టీచరమ్మ. "రేపొస్తానని మీకు చెప్పింది ఈ పాపే."

"చెప్పింది ఈ పాపే కావచ్చు" అన్నాడు తాత, మళ్ళీ గోడవైపు తిరుగుతూ. "రోజూ వచ్చే పాపకి మోకాళ్ళ నొప్పులు. పక్కన కూర్చునేటప్పుడల్లా 'అమ్మా' అని మూలుగుతుంది."