మూడో మెషిన్

“ఆపొద్దమ్మా. మీరు ఆపితే ఊపిరి ఆగిపోతుంది” అంది మాధురి.

అంకమ్మ తలూపి, కొడుకు నోట్లోని గొట్టానికి తగిలించిన రబ్బరు బ్యాగును మళ్లీ నొక్కింది. దర్శి దగ్గర పత్తిచేలో పురుగుమందు కొడుతూ కుప్పకూలిన జయపాల్ ఛాతీ ఒకసారి లేచి పడింది. ఊపిరి అందించే మెషిన్లు ఆ ఆసుపత్రిలో నాలుగే. నాలుగింటి మీదా మనుషులున్నారు. ఒకటి ఖాళీ అయ్యేదాకా బ్యాగు నొక్కాల్సింది చుట్టాలే. నర్సులు ఇద్దరు, రోగులు పాతికమంది అయితే ఇంకెవరు నొక్కుతారు?

మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కిన మాధురి హౌస్‌సర్జన్. ఎమర్జెన్సీకి వచ్చి మూడో రోజు. పేర్లు పట్టుకుని కూర్చుంటే ఇక్కడ పని సాగదు, బెడ్ నంబర్లు గుర్తుపెట్టుకోమని సీనియర్ మొదటిరోజే చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు నేర్చుకునే పిల్ల. అది ఇట్టే వంటబట్టింది.

నాలుగింటికల్లా అంకమ్మ వేళ్లు కొంకర్లు పోయాయి. మార్చుకోవడానికి ఇంకెవరూ లేరా అంటే లేరంది. అద్దం తలుపులోంచి కనిపించేది ఒక్క మంచమే. అటే చూస్తూ అడిగింది.

“ఆ మూడో మెషిన్ మీదున్నోడికి ఎట్టా ఉందమ్మా?”

గంటలో ఇలా అడగడం మూడోసారి. ఎవరు పోతారా అని కాచుక్కూర్చున్నట్టు ఇదేం అడగడమని మాధురికి ముందు చిరాకేసింది. అంతలోనే మనసు కరిగింది. కాకిపిల్ల కాకికి ముద్దు, తన బిడ్డ కోసం తల్లి అడగడంలో తప్పేముందనుకుంది. మూడో నంబరు కేసుషీటు ఇందాకే చూసింది. పొద్దున తెచ్చినప్పుడే ఆలస్యమైపోయింది. కళ్లలో లైటు వేస్తే కదలిక లేదు, బీపీ పడిపోతోంది.

మాధురి అంకమ్మ చెవి దగ్గరికి వంగింది.

“ఎవరితో అనకండి. అతను ఇంకెంతోసేపు ఉండడు. మహా అయితే గంట. ఆ తర్వాత మెషిన్ మీ అబ్బాయికే, నేను మాట్లాడిపెట్టాను. ధైర్యంగా ఉండండి.”

బ్యాగు మీద అంకమ్మ చేయి ఆగిపోయింది.

“నొక్కండమ్మా” అని మాధురి గద్దించింది.

అంకమ్మ ఉలిక్కిపడి నొక్కింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నా తుడుచుకోవడానికి చేయి తీయలేదు. పాపం, ఇప్పటికి కాస్త స్థిమితపడిందనుకుంది మాధురి. పొద్దస్తమానం చావులే చూస్తున్న చోట ఒక్క మంచిమాట చెప్పగలిగినందుకు తనకూ హాయిగానే ఉంది.

ఐదు దాటాక మూడో నంబరు పోయాడు. అతని తాలూకు వాళ్లు బయట ఎక్కడున్నారో వెతికి కబురు చెప్పమన్నాడు సీనియర్. చావుకబురు పది నిమిషాలు ఆగితే పోయేదేమీ లేదు, ముందు బతకాల్సిన వాడి సంగతి చూడాలి. మాధురి నేరుగా అంకమ్మ దగ్గరికి పరుగెత్తింది.

“మెషిన్ ఖాళీ అయిందమ్మా. మీ అబ్బాయి గట్టెక్కినట్టే.”

అంకమ్మ లెక్క తప్పకుండా ఇంకో రెండుసార్లు నొక్కి, మాధురి చేయి పట్టుకుని బ్యాగు మీద పెట్టింది.

“చిన్నోణ్ణి ఆ మంచమ్మీదికి ఎక్కించేలోపు కాస్త నువ్వు నొక్కు తల్లీ. దాని మీంచి దించిన మా పెద్దోడి మొహం ఒక్కసారి చూసొస్తా.”