దొరికిన గడప

అబిడ్స్ పాదరక్షల సామ్రాజ్యానికి చక్రవర్తీ, తమ వీధి వర్తక సంఘానికి అధ్యక్షులూ అయిన శ్రీ అమరేశ్వరరావుగారు నాంపల్లిలోని అనాథాశ్రమంపై దండెత్తి వచ్చారు. చతురంగ బలాలకు బదులు పక్కకొట్టు కళ్లద్దాల వ్యాపారి మల్లేశ్వరరావు వెంట ఉన్నాడు. ఆశ్రమం నడుస్తున్న ఇల్లు సంఘానిది.

“ఎంతమందిని మీ మతంలో కలిపేశావమ్మా?” గుమ్మంలోనే గర్జించారు అధ్యక్షులవారు. “ఒక్క పేతురు, ఒక్క మరియమ్మ దొరికినా సరే, సాయంత్రానికి ఇల్లు ఖాళీ! ఆపైన పిల్లలు ఏ రోడ్డున పడతారో నాకనవసరం. నువ్వు మాత్రం మీ నార్వేకి దయచెయ్యి.”

నాంపల్లి తెలుగు నాలుకకెక్కిన మిషనరీ ఇంగ్రిడ్ దొరసాని చేతిలోని గంజిగిన్నె కింద పెట్టలేదు.

“ఏంది సార్ గీ లొల్లి? పసివోళ్లు తింటున్నరు. పేర్లు నేను పెట్టనే పెట్ట. ఎవరి గడప కాడ దొరికితే వాళ్ల పేరే. పెద్దగైనంక, నాకూ ఒక గడప ఉండె అనుకోవాలె గద.”

“ఈ కట్టుకథలు నా దగ్గర చెల్లవు. పిలువు వాళ్లని!”

అధ్యక్షులవారు న్యాయపీఠంపై, అనగా ఒక ప్లాస్టిక్ కుర్చీలో, ఆసీనులై విచారణ ఆరంభించారు.

“నీ పేరేమిట్రా?”

“రాజమల్లు. రాజమల్లు తాత పాన్‌డబ్బా కాడ దొరికిన.”

“నీ పేరేమిటే?”

“బీరమ్మ. బీరయ్య మామ ఇంటిముంగట దొరికిన.”

న్యాయమూర్తి ముఖం మాడింది. మల్లేశ్వరరావు ముఖం మాత్రం వెలిగింది.

“అన్నట్టు అమరేశ్వరరావుగారూ! నాలుగేళ్ల కిందట ఓ ఆదివారం పొద్దున్నే మా కొట్టు మెట్లమీద పసిగుడ్డు దొరికింది చూడండి, నేనే తెచ్చి ఇక్కడ అప్పగించాను. అయితే దాని పేరు మల్లేశ్వరి అన్నమాట!”

చక్రవర్తిగారు హఠాత్తుగా సింహాసనం దిగారు. “చాల్లెండి, అనుమానం తీరింది. పదండి, కొట్టుకు వేళయింది.”

“జర ఆగున్రి సార్.” దొరసాని అప్పుడు గిన్నె కింద పెట్టింది. “ఆ పొద్దు నేను మీ కొట్లకు ఎదురుంగ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తున్న. మల్లేశ్వరరావు సార్, పసిపిల్ల మీ మెట్లమీదికి నడిచి రాలె గద. ఎత్తి పెట్టిన చేతులున్నయి. ముందుగాల ఏ గడప కాడ ఉండెనో, గా పేరే పెట్టిన.”

మల్లేశ్వరరావు అర్థంకాక, ఆమె కొంగు పట్టుకున్న పాప ముందుకు వంగాడు. “నీ పేరేంటమ్మా?”

పాప మూతికంటిన గంజి తుడుచుకుంది.

“అమరేశ్వరి.”