చారల చొక్కా

రేపటి నుంచి జీబ్రా పిల్లను కూడా అడవి గాడిదల్ని చూసే అమ్మాయే చూసుకుంటుందని, ముసలాయన ఇక ఇంటికి వెళ్లిపోవచ్చని జూ మేనేజరు తాపీగా చెప్పేశాడు.

"రెండూ గుర్రం కుటుంబమేగా. దానికి పాలు పట్టే చెయ్యి దీనికి పట్టలేదా?" అన్నాడు.

"మా అన్నదీ నాదీ ఒకటే కుటుంబం సార్. ఆయన నోరు విప్పడు, నేను మూయను. గుణాలు కలుస్తాయా?" అన్నాడు ముసలాయన.

ఆ వెంటనే ఊపిరి తీసుకోకుండా వివరించాడు. అడవి గాడిద పిల్ల ఆకలేస్తే సీసా ఎవరు పట్టినా తాగేస్తుంది. జీబ్రా అలా కాదు. పుట్టగానే తల్లి దాన్ని మందకు దూరంగా తీసుకుపోయి, తన చారలు కంఠతా వచ్చేదాకా ఇంకొకరిని చూడనివ్వదు. ఈ పిల్లకు తల్లి పురిట్లోనే పోయింది. అందుకే తను చారల చొక్కా వేసుకుని పాలు పడుతున్నాడు. ఆ చారలే దానికి అమ్మ.

"అయితే ఆ చొక్కా ఆమెకివ్వండి, చూద్దాం," అన్నాడు మేనేజరు.

ముసలాయన మాట ఆయన మెడకే చుట్టుకుంది. పని పోవడం ఒక ఎత్తు, ఆ పిల్లను విడిచి ఉండటం ఒక ఎత్తు. చొక్కా విప్పి, పక్కనే నిలబడి వింటున్న అమ్మాయి చేతికిచ్చాడు.

అమ్మాయి గదిలోకి వెళ్లి సీసాలో పాలు కలుపుకొచ్చింది. చొక్కా తొడుక్కుని దొడ్లోకి దిగింది. చారలు కనబడగానే పిల్ల చెంగుచెంగున వచ్చి పాలపీక నోట పట్టింది. ముసలాయన తల వంచుకున్నాడు. అంతలో అది పీక వదిలేసి, తల విదిలించి, దూరంగా పోయి నిలబడింది. ఆమె ఎంత బతిమాలినా మళ్లీ దగ్గరకు రాలేదు.

మేనేజరు సైగ చేస్తే ముసలాయన బనీను మీదే తన సీసాతో వెళ్లాడు. పిల్ల బెరుగ్గా వాసన చూసి, ఆఖరి చుక్కదాకా గటగటా తాగింది.

"సరే, మీరే ఉండండి," అని మేనేజరు వెళ్లిపోయాడు.

ముసలాయన పిల్ల మెడ కావలించుకుని ఏడ్చేశాడు. "నా తల్లీ, చొక్కాను కాదు, నన్నే గుర్తుపట్టావా. నీ రుణం ఎలా తీర్చుకోను?" అన్నాడు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "చూశావా, మీ గాడిదలకుందా ఈ విశ్వాసం?" అని దెప్పాడు.

"ఎక్కడిది బాబాయ్. మా వాటికి తిండి ధ్యాసే," అంటూ ఆమె చొక్కా మడిచి ఇచ్చేసి కుళాయి దగ్గరకు వెళ్లింది.

జంతువులు గాయాల కట్లు కొరక్కుండా పూసే చేదు మందు అంత తేలిగ్గా వదలదు. తన సీసా పాలపీకను ఆమె రుద్ది రుద్ది కడుక్కోవాల్సి వచ్చింది.