ఊట చూపించిన అక్క

కొండవాలు మీద హోటల్ కంపెనీ పేరున్న ఎర్రజెండాలు పాతిస్తున్న మనిషిని గుర్తుపట్టగానే, లాడ్జి నడిపే ఆవిడ ఆరేస్తున్న దుప్పట్లు అక్కడే పడేసి పరుగెత్తింది.

అతనే. లోయ అందం చూడ్డానికొచ్చానని నెల్లాళ్లు వాళ్ల లాడ్జిలో ఉండి, వంటింట్లో పీటేసుకుని "అక్కా, అక్కా" అంటూ తిన్నవాడు. ఎండల్లోనూ ఇంకిపోని ఊట ఎక్కడుందని అతనడిగితే, తన నాన్న తనొక్కదానికే చెప్పి పోయిన చోటుకి చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్లింది. ఇప్పుడు జెండాలన్నీ ఆ ఊట చుట్టూనే.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేరా! ఇక్కడ పెద్ద హోటల్ లేస్తే మా గడప ఎవడు తొక్కుతాడు? తమ్ముడివనుకున్నానే!"

అతను తల దించుకోలేదు. వింతగా చూశాడు.

"అదేంటక్కా, నీకు తెలిసే చూపించావనుకున్నాను. ఈ స్థలం బేరం కుదిర్చింది బావగారే కదా."

"నోర్ముయ్! నువ్వొచ్చేదాకా నువ్వెవరో కూడా ఆయనకి తెలీదు."

"నన్ను పిలిపించిందే ఆయన. 'ఊట ఎక్కడుందో నాకూ చెప్పదు. తమ్ముడు లేడని దానికి బెంగ. అక్కా అని పిలువు, తనే చూపిస్తుంది' అన్నారు."

ఆమె వెనక్కి తిరిగింది. లాడ్జి వరండాలో నిలబడి, ఇటే చూస్తున్నాడు భర్త.

"ఏమండీ!" అని కేకేసింది.

ఆయన లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.